లైబ్రరీ డైరీ: 14 కార్యక్రమాలు, పాడైన 6 పుస్తకాలు, ఒక అల్లిక సూది

ఆర్నెల్లుగా మా లైబ్రరీలో నడుపుతున్న కార్యక్రమాల లెక్క ఇది. ఇంకో చోట ఎవరైనా ఇలాంటిది మొదలుపెడితే మేం పడ్డ గుంటల్లో మళ్ళీ పడకూడదని రాస్తున్నా, అందుకే బాగా జరిగినవి తక్కువ, చెడిపోయినవి ఎక్కువ ఉంటాయి.

మనుషులు: లైబ్రేరియన్ మేడం, ఒక అటెండరు, నాతో కలిపి నలుగురు వాలంటీర్లు. స్థలం: 9 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల ఎత్తున్న ఖాళీ హాలు, దాన్ని ఆనుకుని పేపర్లు చదివే గది (మధ్యలో తలుపు లేదు, ఉత్త దారే), వెనకాల బీరువాల గది. చేతిలో ఉన్నవి: గీతల నోటుబుక్కు, కొలిచే టేపు, ఫోన్లో స్టాప్‌వాచ్, ఫోన్లోనే శబ్దం కొలిచే యాప్.

దశ 1: హాల్లో కథల గంట (3 సార్లు)

సెలవు రోజు సాయంత్రం 5కి పెట్టాం. మొదటిసారి 41 మంది పిల్లలు, రెండోసారి 19, మూడోసారి 8. మొదటిరోజు జనాన్ని చూసి అంతా బాగుందనే అనుకున్నాం, పిల్లల చేత పేర్లు రాయించిన నోటుబుక్కు లేకపోతే ఆ భ్రమ ఇంకో నెల ఉండేది. మొత్తం హాజరు 68, అందులో వేరువేరు పిల్లలు 52 మంది, రెండోసారైనా మళ్ళీ వచ్చినవాళ్ళు 11 మంది. అంటే ఐదుగురిలో నలుగురు ఒక్కసారి చూసి వెళ్ళిపోయారు.

రాని పిల్లల ఇళ్ళకి వెళ్ళి అమ్మానాన్నల్ని అడిగాం. ఎవరూ కథ బాలేదనలేదు. చెప్పినవి మూడే:

1. వెనక కూర్చుంటే బొమ్మ కనపడదు.
2. మాట గోలగా వినపడుతుంది గానీ ఏం చెప్తున్నారో తెలీదు.
3. పుస్తకం ఇంటికి తీసుకెళ్దామంటే లైను కదలదు.

ఇవి కాక నాలుగోది, మాకు ఎవరూ చెప్పనిది, మేడం చూపించారు. పేపర్ల గదిలో రోజూ 5కి వచ్చే పెద్దాయన ఒకరు రెండు వారాలుగా రావడం లేదు. ఆయన కూర్చునే కుర్చీ దగ్గర ఫోన్ పెట్టి కొలిస్తే మామూలు రోజు 46 డెసిబెల్స్, కథల గంటలో 71. ఫోన్ యాప్ అంకె కచ్చితమైనది కాదు, కానీ అదే ఫోను అదే కుర్చీ మీద పెట్టి కొలిస్తే తేడా మాత్రం నమ్మొచ్చు. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు అయినట్టు వినిపిస్తుంది, 25 పెరిగితే ఐదు రెట్ల పైమాటే. ఆయన రాకపోవడంలో వింతేం లేదు. ఆ సాయంత్రం ఒక గదిలో 8 మంది పిల్లలు, పక్క గదిలో లేచి వెళ్ళిపోయిన పెద్దవాళ్ళు, అది చూసి నాకు నిజంగా బాధేసింది. లైబ్రరీకి కొత్తవాళ్ళని తెస్తున్నాం అనుకుంటూ ఉన్నవాళ్ళని పంపించేస్తున్నాం.

*ఇప్పటిదాకా: కార్యక్రమాలు 3, హాజరు 68, వేరువేరు మనుషులు 52, మళ్ళీ వచ్చినవాళ్ళు 11, ఆ రోజుల్లో ఇంటికెళ్ళిన పుస్తకాలు 9.*

దశ 2: మూడు వారాలు ఆపేసి కొలవడం, తర్వాత మార్చడం (4 సార్లు)

కథల గంట ఆపేశాం. ఈ మూడు వారాలు వృథా అని ఒక వాలంటీరు అన్నారు కానీ ఈ ప్రాజెక్టులో బాగా పనికొచ్చింది ఇవే.

ముందు ప్రతిధ్వని సంగతి. హాల్లో చప్పట్లు కొడితే ఆ చప్పుడు అలా సాగుతూనే ఉంటుంది. దీనికి లెక్క ఉంది. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో ఉన్న శబ్దం పీల్చుకునే సరుకుతో భాగిస్తే ఆ చప్పుడు ఎన్ని సెకన్లలో అణుగుతుందో వస్తుంది. మా హాలు 189 ఘనపు మీటర్లు, పై అంకె 30.4, కింద భాగించడానికేమో ఉత్త గోడలు, గచ్చు, ఏమీ లేవు. ఈ లెక్క కనిపెట్టిన వాలెస్ సబీన్ 1895 ప్రాంతంలో హార్వర్డ్‌లో ఒక లెక్చరు హాలు బాగుచెయ్యమంటే, రాత్రిళ్ళు పక్క థియేటరు నుంచి కుర్చీ మెత్తలు మోయించి తెచ్చి పరిచి, ఎన్ని మెత్తలకి ఎంత తగ్గుతోందో కొలిచాడు. మా దగ్గర మెత్తలు లేవు గానీ ఆ పని చేసేవి ఉన్నాయి, పుస్తకాలు. బీరువాల గదిలో నిండుగా పుస్తకాలున్న రెండు వరసల మధ్య చప్పట్లు కొడితే చప్పుడు అక్కడికక్కడే ఆగిపోయింది. కథలు చెప్పాల్సిన చోటు ఇన్నాళ్ళూ మా వెనకే ఉంది.

టైం సంగతి. మూడు సెలవు రోజులు ప్రతి అరగంటకీ పేపర్ల గదిలో తలలు లెక్కపెట్టాం. సగటున సాయంత్రం 5కి 17 మంది, మధ్యాహ్నం 3కి 4, మూడున్నరకి 3. మేం సరిగ్గా జనం ఎక్కువుండే అరగంటనే ఎంచుకున్నామన్నమాట.

లైను సంగతి. స్టాప్‌వాచ్‌తో చూస్తే ఒక్కో పిల్లకి పుస్తకం ఇష్యూ చెయ్యడానికి 2 నిమిషాల 10 సెకన్లు, అందులో ఎక్కువ టైం పేరు, క్లాసు, అడ్రసు అడిగి రాయడానికే పోతోంది. 12 మంది ఉంటే 26 నిమిషాలు. కథ విని పుస్తకం మీద మనసు పుట్టిన పిల్లని 26 నిమిషాలు నిలబెడితే ఆ చెయ్యి పట్టుకుని వచ్చిన అమ్మ ఆగదు, ఆగలేదు కూడా. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అచ్చువేసిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి టైం ఆదా చెయ్యమనే. దాన్ని నేను కేటలాగు గురించి అనుకునేవాణ్ణి, కౌంటరు ముందు పిల్లల్ని చూశాక దాని అర్థం ఇంకోలా తెలిసింది.

మార్చినవి:

1. చోటు: బీరువాల మధ్య, రెండు చాపలు.
2. టైం: 3 నుంచి 3:35. అరగంట దాటాక పిల్లలు కదలడం మొదలుపెడుతున్నారు, మూడుసార్లూ అదే నిమిషానికి.
3. మనుషులు: 15 మంది, మహా అయితే 16. చదివే మనిషి నుంచి ఆఖరి పిల్ల దాకా 1.8 మీటర్లు. రెండు మీటర్లు దాటితే బొమ్మలో చిన్నవి కనపడటం లేదు, టేపు పెట్టి పిల్లల్నే అడిగి చూశాం.
4. అర్ధచంద్రంలా ఒకటే వరస, వెనక వరస లేదు.
5. సభ్యత్వం ఫారం ముందువారమే ఇంటికి. వివరాలు ఇంట్లోనే నింపి తెస్తారు.
6. ఆ రోజు కథకి దగ్గరగా ఉండే 30 పుస్తకాలు ట్రాలీలో చాపల పక్కనే.

ఇష్యూ ఒక్కొక్కరికి 40 సెకన్లకి దిగింది, 12 మందికి 8 నిమిషాలు. పెద్దాయన కుర్చీ దగ్గర శబ్దం 54. ఇంకా 46 కాదు, కానీ ఆ టైంలో అక్కడుండేది నలుగురే.

ఒకటి సరిపడలేదు. 15 మందే అని ముందే పేర్లు రాసుకున్నాం కాబట్టి మొదటివారం ఐదుగురిని వెనక్కి పంపాల్సొచ్చింది, వాళ్ళలో ఒక బాబు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. రెండోవారం నుంచి రానివాళ్ళ చోటు నింపడానికి వెయిటింగు లిస్టు, ఎక్కువైతే హాల్లో ఇంకో వాలంటీరు దగ్గర పజిల్స్. వెనక్కి పంపడం మళ్ళీ జరగలేదు.

నాలుగుసార్లకి హాజరు 14, 15, 13, 16.

*ఇప్పటిదాకా: కార్యక్రమాలు 7, హాజరు 126, వేరువేరు మనుషులు 61, మళ్ళీ వచ్చినవాళ్ళు 29, పుస్తకాలు 40.*

హాజరు తగ్గినట్టే కనపడుతుంది, మొదటిరోజు 41 మంది ఎక్కడ, ఈ 15 మంది ఎక్కడ అని పైవాళ్ళు అడిగారు కూడా. నోటుబుక్కు తీసి మళ్ళీ వచ్చినవాళ్ళ గీతలు చూపించాను. ఇప్పటికీ నేను ముందు చూసే అంకె అదే. అదే మీటింగులో టికెట్ పెడితే జనం విలువ తెలుసుకుంటారని ఒకరు అన్నారు. యునెస్కో 1994లో ఇచ్చిన పౌర గ్రంథాలయాల ప్రకటనలోనే సేవ సూత్రప్రాయంగా ఉచితంగా ఉండాలని ఉందని మేడం గట్టిగా చెప్పారు, ఆ మాట అక్కడితో ఆగింది.

దశ 3: షెల్ఫు వేట (2 సార్లు)

పెద్ద పిల్లలకి, 9 నుంచి 13 ఏళ్ళు. చీటీ మీద నంబరు ఇస్తాం, బీరువాల్లో ఆ పుస్తకం వెతికి పట్టుకోవాలి. పక్షులంటే 598, కీటకాలంటే 595.7, అలా. మెల్విల్ డ్యూయీ ఈ దశాంశాల పద్ధతి బయటపెట్టింది 1876లో, ఇప్పటికీ మా పుస్తకాల వెన్ను మీద ఉన్నది అదే.

ఇక్కడ మేం ఊహించనిది జరిగింది. ఒక పాప చేతిలో రెండు పుస్తకాలు పట్టుకుని షెల్ఫు ముందు ఆగిపోయింది. ఒకటి 523.78, సూర్యగ్రహణాలు. ఇంకోటి 523.8, నక్షత్రాలు. "అన్నా, మీ లైబ్రరీ వాళ్ళు తప్పు పెట్టారు, 78 ముందుంది 8 వెనకుంది" అంది. చుట్టూ ఉన్న నలుగురూ ఆ పాప మాటే కరెక్టన్నారు. నేను దశాంశాల గురించి చెప్పబోతే మొహాలు వాడిపోయాయి, బడి గుర్తొచ్చినట్టుంది. తర్వాత ఆలోచిస్తే తప్పు మా నోట్లో ఉంది. మేమే "523 పాయింట్ డెబ్భై ఎనిమిది" అని చదువుతున్నాం. డెబ్భై ఎనిమిది అని చెవిన పడ్డాక ఎనిమిది కన్నా చిన్నదంటే ఎవరు నమ్ముతారు. రెండోసారి "పాయింట్ ఏడు, ఎనిమిది" అని విడివిడిగా చదివాం, చీటీల మీద కూడా ఒక్కో అంకెకి ఒక్కో గడి గీశాం. మొదటి గడిలో 7, 8 కన్నా ముందు, అంతే. ఎవరూ ఆగలేదు. అదే పాప రెండోసారి వచ్చి చిన్నవాళ్ళకి చెప్పింది.

అసలు దెబ్బ తర్వాత తెలిసింది. పిల్లలు దొరికిన పుస్తకాన్ని తిరిగి పెట్టేశారు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. మర్నాడు మేడం, అటెండరు కూర్చుని 43 పుస్తకాలు వెతికి సరిచేశారు, 3 గంటలు. తప్పు చోట పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం, కేటలాగులో ఉంటుంది, చేతికి రాదు.

మార్చినవి:

1. తీసిన పుస్తకం వెనక్కి పెట్టకూడదు, ట్రాలీలో వెయ్యాలి.
2. తీసిన చోట రంగు అట్టముక్క నిలబెట్టాలి, దాని మీద జట్టు పేరు.
3. ఆట అయ్యాక వాలంటీర్లే అట్టముక్కలు చూసుకుంటూ సర్దాలి.

రెండోసారి చెక్ చేస్తే తప్పు చోట ఉన్నవి 2. హాజరు 18, 17.

*ఇప్పటిదాకా: కార్యక్రమాలు 9, హాజరు 161, వేరువేరు మనుషులు 66, మళ్ళీ వచ్చినవాళ్ళు 33, పుస్తకాలు 54.*

దశ 4: పుస్తకాల మరమ్మతు బల్ల (4 సార్లు)

ట్రాలీ నింపేటప్పుడు ప్రతిసారీ పిల్లలు అడిగే పుస్తకాలే చిరిగి ఉంటున్నాయి, అలా వచ్చింది ఈ ఆలోచన. పెద్దవాళ్ళ కార్యక్రమం, 5 నుంచి 7 మంది, అంతకన్నా ఎక్కువ వద్దు, బల్ల చుట్టూ మోచేతులు తగలకుండా కూర్చోవాలి.

సామాను: తెల్ల జిగురు (పీవీఏ), గోధుమ పిండిలోంచి తీసిన గంజిపొడితో కాచిన జిగురు, పొడుగు నారలున్న పల్చటి జపనీస్ టిష్యూ, బటర్ పేపరు, సన్న బ్రష్షులు, లోహపు అల్లిక సూదులు, స్కేలు, ఇటుకలు (కాగితంలో చుట్టి).

మొదటిరోజు 11 పుస్తకాలు తీసుకున్నాం, 4 పాడుచేశాం. ఒక్కోటి చెప్తా, ఎందుకంటే ఇవి అందరూ చేసే తప్పులే అనుకుంటా.

రెండు పుస్తకాల్లో జిగురు ఎక్కువైంది. వెన్ను దగ్గర పూసింది ఒత్తిడికి లోపలికి జారి పేజీలు అంటుకుపోయాయి. పీవీఏ ఒకసారి ఆరిందంటే మళ్ళీ ఊడదీయలేం. ఇంకోదాంట్లో పాత సెల్లోటేపు పీకారు, టేపుతో పాటు అక్షరాలూ వచ్చేశాయి, రెండు లైన్లు తెల్లగా మిగిలాయి. నాలుగోది నేనే చేశాను. అట్ట లోపల కొత్త కాగితం అతికించా, నున్నగా వచ్చింది, మర్నాటికి ముడతలు పడి అట్ట విల్లులా వంగింది. కాగితానికి ఒక వాటం ఉంటుంది, దాని నారలు ఒకే వైపు సాగి ఉంటాయి, తడి తగిలితే ఆ వాటానికి అడ్డంగా ఉబ్బుతుంది. పుస్తకంలో ఆ వాటం వెన్నుకి సమాంతరంగా ఉండాలి, నేను అడ్డంగా కోశాను. కనుక్కోవడం తేలికే, కాగితాన్ని మడవకుండా ఊరికే వంచి చూడండి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ఎటు వంచితే మెత్తగా లొంగుతుందో, ఆ వంపు గీత సాగిన వైపే వాటం. ఇప్పుడు కాగితం కట్టలన్నిటి మీదా పెన్సిలుతో బాణం గీసి పెట్టాం.

ఇప్పుడు వదులైన అట్టకి మేం చేసే పని:

1. పుస్తకాన్ని నిలబెట్టి అట్టలు కొంచెం తెరిచి పట్టుకోవాలి. వెన్ను పక్కన సందు కనపడుతుంది.
2. అల్లిక సూదికి పల్చగా తెల్ల జిగురు పట్టించాలి. కారకూడదు.
3. సూదిని సందులోకి దించి తిప్పుతూ లోపలి గోడలకి పూయాలి. తలకిందులు చేసి రెండో వైపు నుంచి కూడా.
4. అట్టకీ పేజీలకీ మధ్య బటర్ పేపరు, రెండు వైపులా.
5. మూసి, అట్ట మలుపు గాడిలో బయటి నుంచి పొడి సూది ఒకటి పెట్టి, పైన ఇటుక.
6. రాత్రంతా అలాగే.

చిరిగిన పేజీకి మాత్రం పీవీఏ వద్దు, గంజి జిగురు, పైన టిష్యూ పట్టీ. టిష్యూని కత్తెరతో కోయకుండా తడిబ్రష్షుతో గీత గీసి చేత్తో చింపితే అంచున నారలు విప్పారి పేజీలో కలిసిపోతాయి. మొదటిసారి ఇది చూపించినప్పుడు దర్జీ పని చేసే ఒకావిడ పేజీని లైటుకి ఎత్తి పట్టుకుని, అతుకు ఎక్కడుందో వేలితో తడిమి వెతుక్కున్నారు, దొరకలేదు. ఆవిడ నాలుగుసార్లూ వచ్చారు, ఇప్పుడు కుట్టు ఊడిన పుస్తకాలన్నీ ఆవిడకే.

బల్ల మీదకి రానివ్వనివి: బూజు పట్టినవి (వేరే కవర్లో కట్టి పక్కన పెడతాం, బూజు మిగతావాటికి, మనుషుల ఊపిరికీ మంచిది కాదు), ఇంకెక్కడా కాపీ దొరకని పాతవి, టేపు వేసి ఉన్నవి. టేపువి ఒక పెట్టెలో దాస్తున్నాం, సరిగ్గా తెలిసినవాళ్ళు దొరికేదాకా.

లెక్క: తీసుకున్నవి 11, 9, 14, 16, మొత్తం 50. పాడైనవి 4, 1, 0, 1, మొత్తం 6. రెండో బల్ల నాటిది బటర్ పేపరు ఒక వైపు మర్చిపోవడం వల్ల, ఆఖరిది గంటకే ఇటుక తీసేయడం వల్ల. షెల్ఫుకి తిరిగెళ్ళినవి 44, ఇది రాసే నాటికి వాటిలో 17 ఇష్యూ అయ్యాయి. ఈ 17 చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంది, ఇవన్నీ మూలన కట్టకట్టి పడేసినవే.

హాజరు 6, 7, 5, 7.

*ఇప్పటిదాకా: కార్యక్రమాలు 13, హాజరు 186, మళ్ళీ వచ్చినవాళ్ళు 38, పుస్తకాలు 66.*

దశ 5: మనుషులే పుస్తకాలు (1 సారి)

2000లో డెన్మార్క్‌లో రోస్కిల్డే ఉత్సవంలో మొదలైన పద్ధతి, ఒక మనిషిని పుస్తకంలా కాసేపు అరువు తీసుకుని కూర్చుని మాట్లాడటం. మేం ఐదుగురిని కూర్చోబెట్టాం, ఒక్కో మాటకి 20 నిమిషాలు. వచ్చినవాళ్ళు 23. రిటైరైన నర్సు గారి దగ్గర లైను, మిగతావాళ్ళలో ఇద్దరి దగ్గర ఎవరూ లేరు, పిలిచి ఒకరిని అలా ఖాళీగా కూర్చోబెట్టడం తప్పు. ఈసారి ఎవరు ఎవరితో ఎప్పుడో ముందే చీటీ రాసి ఇస్తాం, అందరికీ ఇద్దరేసి వచ్చేలా. ఇంకోసారి చేశాకే దీని గురించి వివరంగా రాస్తా.

*ఇప్పటిదాకా: కార్యక్రమాలు 14, హాజరు 209, వేరువేరు మనుషులు 82, మళ్ళీ వచ్చినవాళ్ళు 41, పుస్తకాలు 76.*

మిగిలినవి

1. పగలు పనికి వెళ్ళేవాళ్ళకి ఒక్క కార్యక్రమం కూడా లేదు. 82 మందిలో వాళ్ళు చాలా తక్కువ. మరమ్మతు బల్ల ఒకసారి రాత్రి 7కి పెట్టి చూడాలి.
2. కథల గంట చదివేది ఇద్దరమే. మూడో మనిషికి నేర్పాలి, ఒకరికి గొంతు పోతే ఆ వారం ఆగిపోతోంది.
3. పేపర్ల గది పెద్దాయన. టైం మార్చాక ఆయన మళ్ళీ వస్తున్నారు. పోయినవారం మేడంని అడిగారట, కంటికి పేపరు అక్షరాలు ఆనడం లేదు, పిల్లలకి చదివినట్టు మాకూ ఎవరైనా చదివి పెట్టొచ్చుగా అని. ఇంకో ముగ్గురు కూడా వస్తామన్నారు. మొదటిది వచ్చే బుధవారం పొద్దున 11కి, అదే బీరువాల మధ్య. చాపలు తీసేసి చేతులున్న కుర్చీలు నాలుగు వేస్తున్నాం, వాళ్ళలో ఇద్దరికి మోకాళ్ళ నొప్పులు.